రెండు ఫోన్లు, పది వేళ్ళు

రాత్రి కూర్చుని నోటుబుక్కులో నిలువుగా గీత గీశాను.
ఎడమవైపు ఎనిమిది వేల ఐదొందలది,
కుడివైపు పదివేలకు రూపాయి తక్కువది.
ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంత, ఛార్జింగుకి గంటలెన్ని,
కింద పడితే గ్లాసు మార్చడానికెంత.
కిరాణా కొట్లో పద్దులు రాసే చెయ్యి నాది,
కూడిక తప్పదు.
చవకదానికే మార్కులెక్కువ.
మిగులు పదిహేనొందలు.
పదిహేనొందలంటే మా నూకరత్నానికి
అచ్యుతాపురం కుట్టు కంపెనీలో
ఆరు ఓవర్‌టైములు.

డాబాగార్డెన్స్‌లో బస్సు దిగేసరికి
ఉప్పుగాలికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.
షాపులో ఏసీ. కౌంటరు అవతల కుర్రాడు,
తేజేశ్వర్ అని జేబు మీద బిళ్ళ,
స్టూళ్ళు జరిపి కూర్చోబెట్టి
ముందు పాట పెట్టాడు.
"వినండి మేడమ్, రెండు స్పీకర్లు!
ఈ రేటుకి ఈ సౌండు వైజాగ్ మొత్తం తిరిగినా రాదు."
మేడమ్ మర్యాదకి నవ్వింది.
వాడు ఇంకా పెంచాడు.
పక్క కౌంటరు వాళ్ళు తిరిగి చూశారు.
మేడమ్ అరచెయ్యి ఫోను వీపుకి ఆనించి
అదురు ఎంతుందో చూసుకుని
పరవాలేదన్నట్టు తలాడించింది.
అప్పటికి అర్థమై
కుర్రాడు పాట ఆపేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.
పాపం, వాడి తప్పేముంది,
నా పట్టికలోనూ ఐదో గడి స్పీకరే.

నూకరత్నం నా నోటుబుక్కు మూసేసింది.
సిమ్ము వేయించి, గాజువాకలో కుసుమకి
ముందు దీన్నుంచి, తర్వాత దాన్నుంచి
వీడియో కాల్ చేస్తానంది.
లేచి, ఎవరినీ అడక్కుండా
అట్టపెట్టెలు పేర్చిన చీకటి మూలకి నడిచింది.
కుర్రాడు కంగారుగా నావైపు చూశాడు.
నేనూ వెనకే వెళ్ళాను.

చవక ఫోనులో, ఆ మూలనుండే చిన్న గడిలో,
మా చెల్లి చేతులు.
చేతులు కావవి,
మార్గశిరంలో యారాడ కొండ మీద పొగమంచు.
చూపుడువేలు ఎక్కడ ఆగిందో
బొటనవేలు ఎక్కడ మొదలైందో తెలీదు.
అటు కుసుమ నొసలు ముడిచి
మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అంటోంది.
ఆ సైగ నాకూ వచ్చు.
ఇంట్లో నేను ఎక్కువగా వాడేది అదే.

రెండోదాంట్లో
పది వేళ్ళూ ఉన్నాయి.
ఉంగరం వేలి కొసన సూది దిగిన మచ్చతో సహా.
తను వేగం పెంచింది, వేళ్ళు చెదరలేదు.
కుసుమ ఏదో ఎదురు చెప్పింది,
మా చెల్లి భుజాలు కదిలేలా నవ్వింది.

రాత్రి షిఫ్టు బస్సు తొమ్మిదిన్నరకి.
ఎక్కగానే లోపల లైట్లు ఆర్పేస్తారు.
ఊరు దాటేదాకా వీధి దీపాలు
ఒక్కొక్కటీ ఒళ్ళో పడి జారిపోతుంటాయి.
ఆ వెలుతురులోనే మాట్లాడుకోవాలి.
ఇన్నేళ్ళూ పాత ఫోనుతో
ఒక స్తంభం కింద సగం మాట,
ఇంకో స్తంభం కింద మిగతా సగం.
ఇది నాకెవరూ చెప్పలేదు.
అంటే, తను చెప్పే ఉంటుంది.
నేనే ఆ రోజు
మళ్ళీ చెప్పు అని కూడా అడిగి ఉండను.

బేరం తనే ఆడింది.
ఐదు వేళ్ళు చూపించింది, ఐదొందలు తగ్గించమని.
తేజేశ్వర్ నోరు తెరవబోయి, మూసుకుని,
రెండు వేళ్ళు చూపించాడు.
తను నాలుగు.
వాడు మూడు, పైగా చేతులు జోడించాడు.
ఆ కాసేపూ షాపులో
మాట రానివాణ్ణి నేనొక్కణ్ణే.

జగదాంబ దాకా నడిచి బస్టాపులో నిలబడ్డాం.
కొత్త ఫోను పెట్టె నా చంకలో,
ఫోను తన చేతిలో, ఫోనులో కుసుమ.
నావైపు చూపిస్తూ ఏదో చెబుతోంది.
అన్నయ్య, తెలిసింది.
పుస్తకం, తెలిసింది.
లెక్కలు, అదీ తెలిసింది.
నాలుగో సైగకి అక్కడ కుసుమ, ఇక్కడ ఇది,
కళ్ళల్లో నీళ్ళొచ్చేలా ఒకటే నవ్వు.
నేను చెయ్యెత్తి
మళ్ళీ చెప్పు అన్నాను.
చెప్పింది.
మళ్ళీ అన్నాను.
ఈసారి ఒక్కొక్క వేలూ విప్పి, నిదానంగా.

మా బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది.